జలదృష్టి

జలదృష్టి అన్న మాట నా ముందు ఎవరూ అనొద్దు. అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇప్పుడు మా వైపు ఎవరు బావి తవ్వించాలన్నా, ఫలానా ఊళ్ళో జలదృష్టి గలవాడు ఉన్నాడట, పిలిపిద్దాం అంటున్నారు. ఏ ఋషి నోటి నుంచో వచ్చిన మాటన్నట్టు కళ్ళు మూసుకుని మరీ అంటున్నారు. ఏ ఋషీ లేడు, మన్నూ లేదు. ఆ మాట అంకిరెడ్డి ఇంటి అరుగు మీద పుట్టింది. కరణం సుబ్బయ్య పంతులు తమలపాకుకు సున్నం రాస్తూ దాన్ని పుట్టించాడు. నేను అరుగు కింద ఎండలో నిలబడి చూశాను. అంతకుముందు ఆ మాట ఎవరి నోటా వినలేదు. దాన్ని పుట్టించిన పాపంలో సగం నాది, అందుకే చెబుతున్నాను.

జర్మనీ యుద్ధం ఆగిపోయాక రెండో ఎండాకాలం అది. రెండేళ్ళుగా వాన లేదు. మాది అర్ధవీడుకు అవతల, నల్లమల అంచున ఉన్న మాదిగ పాలెం. మిషను వాళ్ళు వచ్చాక ఇరవై ఇళ్ళ వాళ్ళమూ కిరస్తానీలమయ్యాం. దేవుడు మారాడు గాని నీళ్ళు మారలేదు. పాలేనికి బావి లేదు. వాగు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు కొబ్బరి చిప్పతో తోడుకోవాలి. ఒక్క కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఊళ్ళో మంచి బావి ఉంది. మేము దాన్ని తాకకూడదు. దూరంగా కడవలు పెట్టుకుని, ఏ పుణ్యాత్మురాలైనా ఎత్తి పోస్తుందేమోనని నిలబడాలి. పోస్తే పోసేవాళ్ళు, లేదంటే "మాకే లేవు, పోండే" అని కసిరేవాళ్ళు. మట్టల ఆదివారం నాడు నా తోటికోడలు మార్తమ్మ కూతురు ఆ చెలమ నీళ్ళు తాగి, విరేచనాలు పట్టుకుని చచ్చిపోయింది. మూడేళ్ళ పిల్ల. మట్టలు ఊపుకుంటూ గుడికి పోయిన చేతులతోనే దాన్ని పూడ్చిపెట్టాం. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు పిల్లలు పడకేశారు.

నా మొగుడు ఇస్సాకు బావులు తవ్వే మనిషి. పన్నెండో ఏట తండ్రి వెంట గడ్డపార పట్టుకుని బేస్తవారిపేట నుంచి పొదిలి దాకా తిరిగాడు. ఎక్కువ మాట్లాడడు. నేల మాత్రం చూస్తాడు. దారిన పోతూ పోతూ ఆగి, వంగి, ఒక రాయి తిరగేసి, కింద తేమ ఉందో లేదో వేలితో చూసి, మళ్ళీ నడుస్తాడు. పెళ్ళయిన కొత్తలో నాకు సిగ్గుగా ఉండేది, ఈ మనిషికి ఏమన్నా పోయిందా అని జనం అడుగుతుంటే. అడవిలో తేనె, గడ్డలు తెచ్చి అమ్ముకునే చెంచు బయన్న ఒక్కడే ఆయనకు తగిన జోడు. ఇద్దరూ కలిసి ఒక పొద్దంతా మాట లేకుండా నడవగలరు.

పిల్లను పూడ్చిన మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ నన్ను బండమీది చేనికి పిలుచుకుపోయారు. అది అంకిరెడ్డిది. ఊరికీ పాలేనికీ మధ్యలో రాళ్ళు తేలి బీడుపడి ఉంటుంది.

"వదినా, ఆ పుట్టలు చూడు, ఎన్నుండాయి?" అన్నాడు బయన్న.

"మూడు."

"ఎట్ల ఉండాయి?"

చూశాను. మూడూ ఒక్క వరసన ఉన్నాయి. వాటి నడుమ గరిక ఇంకా చావలేదు. మూడో పుట్ట దగ్గర ఇస్సాకు కూర్చుని, చీమలు అప్పుడే బయట పోసిన మట్టి చిటికెడు తీసి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.

"పైన ఎంత ఎండినా చీమకు కింద తేమ తగిలింది. బండ ఇక్కడ్నించి తూర్పుకు వాలింది. వాలిన కాడ పగులుంటాది. ఏడు మట్లు. ఎనిమిది పట్టదు," అన్నాడు. మట్టు అంటే నిలువెత్తు లోతు. ఆయన అన్నేసి మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

ఆ పూటే అంకిరెడ్డి దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను. రెడ్డి అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు.

"అయ్యా, బండమీది చేలో నీళ్ళుండాయి. పాలెమంతా దిగి మేమే తవ్వుతాం. కూలి వద్దు. పడమటి పక్క మీరు కపిల పెట్టుకుని ఎద్దులతో తోడుకోండి. తూర్పు పక్క మెట్లు పెట్టుకుని మేము ముంచుకుంటాం. అంతే మేము అడిగేది."

"నీళ్ళుండాయని నీకెవురు చెప్పినార్రా?"

"ఎవురూ చెప్పలేదయ్యా. చూసినా. పుట్టలు వరసన ఉండాయి, చీమలు తేమ మట్టి పోస్తుండాయి..."

రెడ్డి నోట్లో పుల్ల పట్టుకునే నవ్వాడు. "నిరుడు మార్కాపురం నుంచి సిద్ధాంతిని పిలిపించినా. పంచాంగం చూసి, ముగ్గేసి రెండు చోట్లు చూపించినాడు. రెండు బావులు తవ్వితే దుమ్ము లేచింది. శాస్త్రం చదివినోడికే కనపడలా. నీకు చీమలొచ్చి చెప్పినాయా? పోరా, పోయి చెప్పులు కుట్టుకో."

ఇస్సాకు తలగుడ్డ చుట్టుకుని వెనుదిరిగాడు. చదివినవాడు చెప్పిన చోట దుమ్ము లేస్తే వాడి చదువును ఎవరూ ఏమీ అనరు. తెలిసినవాడు చెబితే నవ్వుతారు.

మర్నాడు నేను రెడ్డి ఇంటి పెరట్లో కొట్టం ఊడుస్తున్నాను. పెద్ద రెడ్డమ్మ చింతపండు పిక్క తీస్తూ కూర్చుంది. వాళ్ళ ఊరబావి కూడా అడుగంటుతోంది. పశువుల్ని కంభం చెరువుకు తోలేద్దామా అని ఇంట్లో తర్జనభర్జన నడుస్తోంది.

"ఏమే మగ్దలీనా, మీ ఆయన వచ్చి చీమలు, పుట్టలు అన్నాడంట. నిజంగా ఏమన్నా తెలుసునా, ఒట్టి మాటలా?"

చేతిలో చీపురు ఆగింది. నిజం చెప్పి చూశాడు కదా నా మొగుడు, అనుకున్నాను. నిజం మీకు రుచించలేదు. సరే, మీ నోటికి ఏది రుచిస్తుందో అదే వండి పెడతాను.

"చీమలూ లేదు, గీమలూ లేదమ్మా. అది పైకి చెప్పే మాట. నీళ్ళున్న చోట కాలు పడితే ఆయనకు ఒళ్ళు తెలీదు. అరికాళ్ళు చల్లబడి ఒళ్ళు వణుకుతాది. కండ్లు మూతలు పడతాయి. పట్టుకోకపోతే పడిపోతాడు. ఆ బండమీది చేలో మూడు తూర్లు పడినాడు."

రెడ్డమ్మ చేతిలో చింతపండు కింద పెట్టేసింది. "నిజమా?"

"నా బిడ్డలు సాక్షి."

నాకు బిడ్డలు లేరు. అది ఆమెకు గుర్తు రాలేదు.

పొద్దు వాలకముందే పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి అరుగు మీద రెడ్డి పక్కన కరణం సుబ్బయ్య పంతులు కూర్చుని ఉన్నాడు. మేము కింద దుమ్ములో నిలబడ్డాం.

"ఒరే ఇస్సాకూ, నీకిది ఎప్పట్నించి?" అన్నాడు పంతులు.

"ఏంది సామీ?"

"అదే. వణుకు, పడిపోవడం."

ఇస్సాకు నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. ఆయనకు అర్థమైంది. నా కళ్ళముందు మార్తమ్మ ఇంటి వాకిట్లో బోర్లించిన పిల్ల బొచ్చె కనబడుతోంది. ఆయనకూ అదే కనబడి ఉంటుంది.

"చిన్నప్పట్నించి," అన్నాడు.

ఆ మనిషి ఆడిన అబద్ధం నాకు తెలిసి అదే మొదటిది.

పంతులు తల ఊపాడు. సున్నం వేలు ఆకు మీద ఒక్క క్షణం ఆగింది. అదిగో, ఆ క్షణంలో వెతుక్కున్నాడు వాడు మాటను. "రెడ్డీ, దీన్ని జలదృష్టి అంటారు," అన్నాడు.

"అంటే ఏంది పంతులూ?"

"జలం నీళ్ళు. దృష్టి చూపు. ఈ తోలు కండ్ల చూపు కాదు, లోపలి చూపు. పూర్వం తపస్సు చేసినవాళ్ళకు ఉండేది. కోటి మందిలో ఒకడికి పడుతుంది. ఎవడికి పడిందో వాడికే తెలియదు. వాడి గొప్పేమీ లేదు, పైనుంచి దిగుతుంది."

"ఏ శాస్త్రంలో ఉంది సామీ ఆ మాట?" ఇస్సాకు వెటకారానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"చెప్పినా నీకు అర్థం కాదులే," అని పంతులు ఆకు నోట్లో పెట్టుకున్నాడు.

నేను చదువుకోలేదు గాని ఆ మాటకు అర్థం నన్నడగండి, చెబుతాను. ఇరవై రెండేళ్ళు అరచేతులు బొబ్బలెక్కి, కాయలు కాచి, ఒక వేలు రాతి కింద నలిగిపోయి నేర్చుకున్న మనిషిని నిలబెట్టి, నువ్వు నేర్చుకున్నది ఏమీ లేదు, నీ మీద వచ్చి పడింది అని చెప్పడం. అదీ జలదృష్టి అంటే. వాళ్ళ పిల్లవాడు నాలుగు పద్యాలు వల్లె వేస్తే తెలివి. మావాడు భూమిని చదివితే మాయ.

అయినా నేను ఆ రోజు లోపల సంతోషించాను. ఎందుకంటే అంకిరెడ్డి అందరి ముందూ ఒప్పుకున్నాడు. పడమట ఆయన కపిల, తూర్పున మా మెట్లు. "నా మాట మాటే," అన్నాడు.

ఇంటికి వచ్చాక ఇస్సాకు గడ్డపార గోడకు ఆనించి, నా వైపు చూడకుండా అన్నాడు. "నాకు తెలివుందని చెప్పకుండా రోగముందని చెప్పినావే."

"తెలివుందని నువ్వు చెప్పినావు గదా! ఏమన్నారు? చెప్పులు కుట్టుకోమన్నారు. మార్తమ్మకు ఇంకో బిడ్డుంది. అది కూడా పోయేదాకా చీమల కథ చెప్పుకుంటా కూచుందామా?"

నోరు ఉన్నదాన్ని గనక గెలిచాను.

తవ్వకం మొదలైంది. ఇరవై ఇళ్ళ మగవాళ్ళు గోతిలో, ఆడవాళ్ళు గంపలతో ఒడ్డున. మొదటి మట్టు ఎర్రమట్టి, రెండోది సుద్ద, ఆ తర్వాత మొరం. మూడో మట్టు దిగేసరికి జనం చూడటానికి రావడం మొదలుపెట్టారు. తవ్వకాన్ని కాదు, ఇస్సాకును. బేస్తవారిపేట నుంచి ఒకడు వచ్చి తప్పిపోయిన ఎద్దు ఎటు పోయిందో చెప్పమన్నాడు. గిద్దలూరు నుంచి ఒక ముసలామె వచ్చి కోడలి కడుపులో ఉన్నది మగో ఆడో అడిగింది. "నాకు తెల్వదమ్మా, నేను బావులు తవ్వుతా," అంటాడు ఆయన. వాళ్ళు వినరు. చెప్పడం ఇష్టం లేక దాస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా దండం పెడతారు. ఊళ్ళో ఒకావిడ ఉండేది, ఇస్సాకు నీడ పడితే ఇంటికి పోయి నీళ్ళు పోసుకునేది. ఆవిడ వచ్చి ఆయన కాలు పెట్టిన చోట మట్టి తీసి కొంగున కట్టుకుంది. ఆయన గోతిలోంచి చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ కొంగు పట్టుకుని నాలుగు పీకాలనిపించింది నాకు.

నాలుగో మట్టులో ఉండగా మా బోధకుడు సుందరరాజు అయ్యగారు కంభం నుంచి బండి కట్టుకుని వచ్చాడు. గోతి ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడి ఇస్సాకును పైకి పిలిచాడు.

"ఇస్సాకూ, నీకు జలదృష్టి అంట. మూడు ఊళ్ళలో చెప్పుకుంటున్నారు."

"లేదయ్యగారూ. పుట్టలు, బండలు చూసి చెప్పినా. మా నాయన నేర్పినాడు, బయన్న నేర్పినాడు."

"అయితే వచ్చే ఆదివారం గుడిలో లేచి ఆ మాట అందరి ముందూ చెప్పు. ఊరికి కూడా తెలియాలి. చెప్పకపోతే అది సోదె కింద లెక్క. సోదె చెప్పేవాడికి ప్రభు భోజనం ఇయ్యను. గుడిలోకి రానియ్యను."

ఇస్సాకు మొహం వెలిగింది. నిజం చెప్పమని ఆ ఎండాకాలంలో ఆయన్ను అడిగిన మొదటి మనిషి అయ్యగారే. "చెప్తానయ్యగారూ, ఈ ఆదివారమే చెప్తా."

అయ్యగారి బండి కదలగానే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చెప్పు. పోయి చెప్పు. నువ్వు మామూలు మనిషివని తెలిసిన మరుగడియలో రెడ్డి గోతిలోంచి అందర్నీ ఎక్కమంటాడు. నాలుగు మట్ల గుంత మిగులుతాది మనకు. నీళ్ళు పడినాక చెప్పుకో, ఎవురొద్దన్నారు?"

పిల్లల్ని ఎండలో పడుకోబెట్టి గంపలు మోస్తున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. మళ్ళీ గోతిలోకి దిగాడు.

ఐదు ఆదివారాలు గుడి బయట కూర్చున్నాడు నా మొగుడు. గోడకు వీపు ఆనించి, తలగుడ్డ ఒళ్ళో పెట్టుకుని. లోపల పాట ఎత్తుకుంటే బయట నుంచే పాడేవాడు. ఆయన గొంతు పెద్దది, లోపలికి వినిపించేది. రొట్టె పంచేటప్పుడు మాత్రం నోరు మూసేవాడు. నేను లోపల కూర్చుని రొట్టె తిన్నాను. అబద్ధం పుట్టించిందాన్ని నేను, నాకు రొట్టె అడ్డం పడలేదు.

ఐదో ఆదివారం దాటిన మంగళవారం, ఏడో మట్టులో, ఇస్సాకు సమ్మెట దెబ్బకు బండ నెర్రె విచ్చింది. ముందు చెమ్మ వచ్చింది. తర్వాత వేలెడు ధార. పొద్దు వాలేసరికి మోకాలి లోతు. ఏడు అన్నాడు, ఏడే. ఆయన దోసిలి పట్టి తాగి, పైకి చూసి, "తియ్యగుండాయి," అన్నాడు. అంతే అన్నాడు. పాలెమంతా ఏడ్చింది. బయన్న ఒడ్డు మీద బోర్లా పడుకుని లోపలికి చూస్తూ పసిపిల్లాడిలా నవ్వాడు. మేము అప్పటికే తూర్పు పక్క రాళ్ళు పేర్చి మెట్లు కట్టుకున్నాం. పొద్దున్నే కడవలతో వద్దామని ఇంటికి పోయాం.

పొద్దున వచ్చేసరికి మా మెట్ల మీద తుమ్మకంప కొట్టి ఉంది.

ఊరంతా అక్కడే ఉంది. ఒడ్డున పసుపు పూసిన రాయి పాతారు. వేపమండలు కట్టారు, కోడిని కోశారు. పంతులు దూరంగా నిలబడి ఏది ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు. ఇస్సాకు కంప దాకా వెళ్ళి ఆగాడు.

"ఏందయ్యా ఇది?"

"కోపపడమాకరా ఇస్సాకూ," అన్నాడు అంకిరెడ్డి. గొంతు మెత్తగా ఉంది, అదే నాకు ఎక్కువ మండింది. "గంగమ్మ చూపించిన నీళ్ళు ఇవి. ఏడు మట్లంటే ఏడే పడినాయి. మనిషి వల్ల అయ్యే పనా? ఇంక ఇది అమ్మ తావు. అంటు తగలగూడదు. మీ కడవలు అక్కడ పెట్టండి, మా వాళ్ళే పోస్తారు. కరువు లేకుండా పోస్తారు."

"మాటిచ్చినావు గదయ్యా. తూర్పు మెట్లు మావని."

"మాటిచ్చింది నా బావికి. ఇది అమ్మ బావి."

"గంగమ్మ చూపించలేదు!" ఇస్సాకు అరిచాడు. ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "నాకు ఏ దృష్టీ లేదు. వణుకూ లేదు, పాడూ లేదు. అబద్ధం చెప్పినా. పుట్టలు చూసినా, బండ వాలు చూసినా. రాండి, చూపిస్తా, మీ పిల్లోళ్ళకైనా నేర్పిస్తా. పది నెలల్లో నేర్చుకుంటారు!"

అంకిరెడ్డి జాలిగా చూశాడు. "నీకేం తెలుసురా పిచ్చోడా? అమ్మ పలికితే, పలికించుకున్నోడికి తెలుస్తాదా? ఒళ్ళు తెలీదని నీ పెండ్లామే గదా చెప్పింది."

అందరూ నా వైపు తిరిగారు. ఇస్సాకు తిరగలేదు. తిరిగి నన్ను రెండు తిట్టినా బాగుండేది.

నా అబద్ధంతోనే మా మెట్లకు కంప కట్టారు. మార్తమ్మ నా పక్కన ఖాళీ కడవతో నిలబడి ఉంది. చంకలో మిగిలిన బిడ్డ.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. మా అమ్మను కన్న తల్లి, మిషను రాకముందు ఆ ఊరి మాతంగి. ఊరమ్మ కొలుపులో ఆమె మీదికి అమ్మ దిగితే రెడ్లు, కరణాలు వరసగా నిలబడి మాదిగదాని చేత బూతులు తినేవాళ్ళు. ఆమె బెత్తంతో కొట్టినా, మొహాన ఉమ్మినా కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ ఒక్క రోజుకి ఆమెకు అంటు లేదు. బాప్తిస్మం పుచ్చుకున్న రోజున అవ్వ ఆ బెత్తాన్ని వాగులో పారేసింది. అప్పటికి నాకు ఆరేళ్ళు. అంతకు ముందటి ఏడు ఆమె ఊగడం చూశాను.

నా మీదికి ఏ అమ్మా రాలేదు. నాకు కోపం వచ్చింది. అంతే. ఆ కోపాన్ని జుట్టు విప్పి వదిలాను.

కడవ నేలకేసి కొట్టాను. "ఒరే అంకిగా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నన్ను ఏడు మట్ల కింది నుంచి గంపల్లో మోసి తెచ్చిందెవుర్రా? నువ్వా? నీ కరణమా? నా బిడ్డలు రాళ్ళు పగలగొట్టి నన్ను బయటికి తెస్తే నా బిడ్డలకే కంప కొడతావంట్రా? నీ కోడి ఎవడిక్కావాల్రా? పాలెం పిల్ల దప్పికతో పోయిన రోజు ఏడ సచ్చినావురా?"

రెడ్డమ్మ మొట్టమొదట నా కాళ్ళ మీద పడింది. నేను ఆపలేదు. పాతికేళ్ళుగా మింగినదంతా కక్కాను. పంతులును పేరు పెట్టి పిలిచి, వాడి తాత దాకా పోయాను. వేపమండ లాక్కుని అంకిరెడ్డి భుజం మీద కొట్టాను. ఆయన రెండు చేతులూ జోడించి వంగాడు. "తప్పయింది తల్లీ. ఏం కావాలో అడుగు తల్లీ," అన్నాడు.

"కంప తియ్. నీ చేత్తో తియ్."

తీశాడు. ముళ్ళు గుచ్చుకుని రెండు చేతులా నెత్తురు కారుతుంటే, నా మొహం వైపు చూడటానికి కూడా భయపడుతూ తీశాడు.

"ముందు నా పాలెం ముంచాల. ఆ తర్వాతే మీరు. ఎప్పటికీ. ఈ మాట తప్పితే ఇంకిపోతా, ఏమనుకున్నావో!"

మార్తమ్మ మెట్లు దిగింది. పోతూ పోతూ అది కూడా నాకు దండం పెట్టింది పాపం, నేను వేషం వేస్తున్నానని తెలిసి కూడా. కడవ ముంచుకుని ఎక్కింది. తర్వాత ఒకరి వెంట ఒకరు.

ఇస్సాకు నా ఎదురుగానే నిలబడి అంతా చూశాడు. చిట్టచివరి కడవ పైకి వచ్చాక వంగి గడ్డపార తీసుకుని పాలెం వైపు నడిచాడు. బయన్న నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి ఆయన వెంట పోయాడు.

ఇంటికి వచ్చి లోటా నిండా నీళ్ళు ఇచ్చాను. పొద్దున్నించి ఆ మనిషి నోట్లో చుక్క పడలేదు. పెదాలు ఎండి ఉన్నాయి. లోటా వైపు చూశాడు.

"దప్పిగా లేదు," అన్నాడు.

చిన్న ముంత తీసుకుని వాగు వైపు పోయాడు. చెలమ దగ్గర గంటసేపు కూర్చుంటే ముంతెడు ఊరుతాయి. అవి తాగి వచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాలెమంతా కొత్త నీళ్ళతో స్నానాలు చేసి, గుడ్డలు ఉతుక్కుని, పెరట్లో మడులు కట్టి ఆకుకూర వేసుకుంటుంటే, ఆ నీళ్ళు చూసిన మనిషి ఒక్కడు ముంత పట్టుకుని ఎండిన వాగుకు పోయాడు.

నేను ఊరుకోలేదు. "ఎవురి మీద నీ పంతం? నా మీదనా? గంగమ్మ మీదనా? నీళ్ళు నీళ్ళే గదయ్యా! నువ్వు చూసిందే గదా!" అని అరిచాను.

"నేను చూసిన నీళ్ళు కావు అవి. వాటికి వేరే పేరు పెట్టినారు," అన్నాడు.

ఆదివారం ఆయన గుడిలో లేచి నిలబడి, నాకు ఏ శక్తీ లేదు, అబద్ధం చెప్పాను అని ఒప్పుకున్నాడు. సుందరరాజు అయ్యగారు ఆయనకు రొట్టె ఇచ్చాడు. నన్ను వెలి వేశాడు, దయ్యం పూనినట్టు నటించినందుకు కాదు, నిజంగానే పూనిందని ఆయన నమ్మినందుకు. నటించానని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇప్పుడు ఇస్సాకు లోపల, నేను బయట, అదే గోడకు వీపు ఆనించి. నా గొంతు చిన్నది, లోపలికి వినిపించదు. ఇంటికి తిరిగి పోయేటప్పుడు మేమిద్దరం కలిసే నడిచేవాళ్ళం, మాట లేకుండా.

తర్వాత ఆయన ఎవరికీ నీళ్ళు చూపించలేదు. పొదిలి నుంచి, కనిగిరి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. "కనపడటం లేదు," అనేవాడు. దారిన పోతూ ఆగడం, రాయి తిరగేయడం మానేశాడు. తల ఎత్తుకుని నడిచేవాడు, అందరిలాగే.

మృగశిర కార్తెలో వాన పడింది. మిట్టమధ్యాహ్నం, ఎండ ఉండగానే పెద్ద పెద్ద చినుకులు. ఇస్సాకు వాకిట్లోకి వెళ్ళి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడు. గొంతు కదులుతోంది. నలభై రోజుల దప్పిక తీరేదాకా అట్లాగే తాగాడు. ఒళ్ళంతా తడిసి, చొక్కా వీపుకు అంటుకుపోయాక నా వైపు తిరిగాడు. ఆ ఎండాకాలంలో మొదటిసారి మెత్తగా పిలిచాడు.

"రా మే. ఇవి ఎవురూ చూపించినవి కావు. తాగు."

నేను వెళ్ళలేదు. గడపలోనే నిలబడ్డాను. మార్తమ్మ చిన్నబిడ్డ వాకిట్లో బురదలో కేరింతలు కొడుతోంది. కంప తీసిన రోజు నుంచి వాన పడ్డ రోజు దాకా మా పాలెంలో ఇంకో బిడ్డ చావలేదు. ఆ మాట ఆయన నోట వినాలనే నిలబడ్డాను, ఆయన అప్పుడు అనలేదు. ఆ తర్వాత మేము కాపురం చేసిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.